ఆమె మీద విచారణ, ఆమె లేకుండానే

ప్రశ్న: పాత ఇంగ్లీషు నవలల్లో ఆడవాళ్లు పుకారంటే చాలు హడలిపోతుంటారు. తప్పు చేయని మనిషికి అంత టెన్షన్ ఎందుకు? కోర్టులో తేల్చుకోవచ్చు కదా? – ఒక పాఠకురాలు

జవాబు: అప్పట్లో తేల్చుకునే వీలే లేదమ్మా. కరొలైన్ నార్టన్ కథ తెలిశాక ఆ నవలలు నాకు వేరేగా కనిపిస్తున్నాయి.

కరొలైన్ రచయిత్రి. 1827లో జార్జ్ నార్టన్ అనే లాయరుతో పెళ్లయింది. అతను చేయిచేసుకునే మనిషి. బ్రిటన్ ప్రధాని లార్డ్ మెల్‌బోర్న్ వాళ్లింటికి తరచూ వచ్చేవాడు. 1836లో నార్టన్ ఆయన మీద దావా వేశాడు: నా భార్యతో సంబంధం పెట్టుకున్నాడు, 10,000 పౌండ్లు ఇప్పించండి అని. దావా ఇద్దరు మగవాళ్ల మధ్య. కరొలైన్‌కు అందులో సాక్ష్యం చెప్పే హక్కు కూడా లేదు. పనిలోంచి తీసేసిన నౌకర్లు బోనెక్కి ఆమె ఇంటి గుట్టు చెబుతుంటే ఊరంతా పేపర్లో చదివింది. ఒక పేపరుకు ఆ విచారణ రాసిన విలేకరి, తర్వాత పెద్ద నవలాకారుడైన చార్లెస్ డికెన్స్. అప్పటికి 24 ఏళ్లు! నవలల్లో నౌకరు వినేలా మాట్లాడటానికి జంకే ఆడవాళ్లు ఎదురైనప్పుడల్లా నాకు ఆ సాక్ష్యాలే గుర్తొస్తాయి.

జ్యూరీ కూర్చున్న చోటు నుంచి లేవకుండానే మెల్‌బోర్న్ తప్పు లేదని తేల్చింది. ఆయన ప్రధానిగానే కొనసాగాడు. మరి ఆమె? ముగ్గురు కొడుకులనూ భర్త అప్పటికే తీసుకెళ్లిపోయాడు. చిన్నవాడికి మూడేళ్లు కూడా నిండలేదు. అప్పటి చట్టప్రకారం పిల్లలు తండ్రికే చెందుతారు. ఆమె పుస్తకాలు రాసి సంపాదించే డబ్బూ భర్తదే.

ఆమె ఊరుకోలేదు. కరపత్రాలు రాసింది, పార్లమెంటు సభ్యులను కదిలించింది. 1839లో చట్టం వచ్చింది. ఏడేళ్లలోపు పిల్లలను తన దగ్గర ఉంచమని తల్లి కోర్టును అడగవచ్చు. వ్యభిచారం రుజువైతే మాత్రం అదీ లేదు. నార్టన్ పిల్లలను స్కాట్లాండ్‌లో ఉంచాడు. ఆ చట్టం అక్కడ చెల్లదు.

1842లో చిన్నవాడు విలియం గుర్రం మీంచి పడ్డాడు. దెబ్బ చిన్నదే, కానీ పట్టించుకోకపోవడంతో విషమించింది. కబురందుకున్న తల్లి రైలు దిగుతూనే, బాబుకు ఎలా ఉందని అడిగింది. చనిపోయాడన్నారు. ఆమె వెళ్లేసరికి శవపేటికలో ఉన్నాడు.

మిగిలిన ఇద్దరినీ ఆమె దగ్గరకు పంపడానికి నార్టన్ ఒప్పుకున్నది ఆ తర్వాతే.