నవ్వించే ఆటగాళ్లను ఏమనాలి?

సందేహం: హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్ అనే అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు మీద వ్యాసం రాస్తూ వాళ్లను 'విదూషక క్రీడాకారులు' అన్నాను. 'జనాన్ని హాస్యమాడారు' అనీ రాశాను. రెండూ కుదరలేదని మిత్రులంటున్నారు. ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీ మిత్రుల మాటే నిజమండీ. 'నవ్వించే ఆటగాళ్లు' అనండి, చాలు. మన 'ఆట'లో పోటీ, ప్రదర్శన రెండూ ఇమిడి ఉన్నాయి. కబడ్డీ ఆటే, తోలుబొమ్మలాటా ఆటే; సినిమాకు మొదటి ఆట, రెండో ఆట అంటాం. మీ వైపు తప్పెటగుళ్ల వాళ్లు రొమ్ము మీద తప్పెట మోగిస్తూ చిందేసినా, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడినా అదీ ఆటే. 'క్రీడాకారుడు' అంటే ఇవాళ మైదానం ఒక్కటే తోస్తుంది.

1926లో షికాగోలో మొదలైన ఆ జట్టుకు రెండర్థాలూ కావాలి. 1948లో అప్పటి మేటి బాస్కెట్‌బాల్ జట్టు మినియాపోలిస్ లేకర్స్‌ను 61-59తో ఓడించింది వాళ్లే. బకెట్‌తో నీళ్లు పోస్తారేమోనని జడుసుకున్న జనం మీద కాగితం ముక్కలు కుమ్మరించిందీ వాళ్లే. బంతి మీద పట్టున్నవాళ్లకే ఆ చిలిపితనం చెల్లుతుంది. పట్టు తప్పితే నవ్వు కాస్తా జాలిగా మారుతుంది. అందుకే 'ఆట'ను ముందు నిలబెట్టే మాట కావాలి.

విదూషకుడు సంస్కృత నాటకంలో నాయకుడి చెలికాడు. అతని హాస్యం ఎక్కువగా మాటల్లోది, ఒంటి విద్యలోది కాదు. కేతిగాడు తోలుబొమ్మలాటలో పాత్ర. సర్కస్ గురించైతే జనం అనే 'జోకర్', 'బఫూన్' నిస్సంకోచంగా రాయండి.

'జనాన్ని హాస్యమాడారు' అంటే జనాన్నే ఎగతాళి చేశారని అర్థం వస్తుంది. 'జనంతో హాస్యమాడారు' అంటే సరసంగా మాట్లాడారని. మీరనుకున్నది 'జనాన్ని నవ్వించారు'.

'ఆటగాడు' అనడానికి జంకకండి. అందులోని 'గాడు' చులకన చేసే 'గాడు' కాదు; వేటకాడు వేటగాడైనట్టు 'కాడు' మారిన రూపం. చిక్కల్లా స్త్రీల దగ్గరే. 'ఆటకత్తె'కు నాట్యం చేసే స్త్రీ అనే అర్థం స్థిరపడింది, ఆపైన అన్యాయంగా చులకన కూడా అంటుకుంది. బంతాట ఆడే అమ్మాయికి ఆ మాట వద్దు. 'క్రీడాకారిణి' అనవచ్చు. నామవాచకం జోలికి పోకుండా క్రియతో చెబితే నాకింకా ఇష్టం: 'ఆ జట్టుకు ఆడిన మొదటి మహిళ లినెట్ వుడర్డ్, 1985లో చేరింది.'