టెక్ సందేహాలు: మేడ మీది కంప్యూటర్‌ను కింది గదిలోంచి వాడుకోవచ్చా?

ప్రశ్న: మా మేడ మీది గదిలో విండోస్ 11 డెస్క్‌టాప్ ఉంది. ఎన్నో ఏళ్లుగా నేను టైప్ చేసుకున్న పాఠాలు, మా వంశవృక్షం, స్కాన్ చేసిన పాత ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. మోకాళ్ల నొప్పుల వల్ల రోజూ మెట్లెక్కలేకపోతున్నాను. కింద హాల్లో పాత ల్యాప్‌టాప్ ఉంది కానీ, పెద్ద ఫైళ్లు తెరిస్తే అది ఆగిపోతోంది. రెండూ ఒకే వైఫైకి కలిసి ఉన్నాయి. కింద కూర్చునే పైనున్న కంప్యూటర్‌తో పని చేసుకునే మార్గం ఉందా?
(విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి)

జవాబు: ఉందండీ. ల్యాప్‌టాప్ పాతదైనా ఈ పనికి సరిపోతుంది. రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతిలో ఫైలు తెరుచుకునేది, ప్రోగ్రామ్ నడిచేది మేడ మీది కంప్యూటర్‌లోనే. అక్కడి తెర బొమ్మ మాత్రం నెట్‌వర్క్ ద్వారా కిందికి వస్తుంది, మీరు నొక్కే కీలు, మౌస్ కదలికలు పైకి వెళతాయి.

ముందుగా డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్ తెరిచి అది విండోస్ హోమా, ప్రోనా చూడండి. ప్రో అయితే సిస్టమ్‌లోనే ఉన్న రిమోట్ డెస్క్‌టాప్ మీటను ఆన్ చేసి, అక్కడ కనిపించే కంప్యూటర్ పేరును కాగితం మీద రాసుకోండి. ల్యాప్‌టాప్‌లో స్టార్ట్ నొక్కి రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ అని వెతికి, తెరుచుకున్న చిన్న పెట్టెలో ఆ పేరు ఇస్తే చాలు. ల్యాప్‌టాప్‌లో ఉన్నది హోమ్ ఎడిషన్ అయినా ఫర్వాలేదు. ప్రో ఉండవలసింది మేడ మీది దానిలోనే.

ఎక్కువమంది చిక్కుకునేది పాస్‌వర్డ్ దగ్గర. రోజూ డెస్క్‌టాప్ తెరవడానికి మీరు కొట్టే పిన్ ఇక్కడ చెల్లదు, ఖాతా అసలు పాస్‌వర్డే కావాలి. పాస్‌వర్డే పెట్టుకోని ఖాతాను విండోస్ మామూలుగా దూరం నుంచి లోపలికి రానివ్వదు. సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా ఒప్పుకోకపోతే, ఎవరైనా మేడ మీదికి వెళ్లి ఒక్కసారి పిన్‌కు బదులు పాస్‌వర్డ్‌తో లాగిన్ అయితే చాలాసార్లు ఆ చిక్కు తీరిపోతుంది. ఆ వెళ్లినవారి చేతనే పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను నెవర్ అని పెట్టించండి. నిద్రపోయిన కంప్యూటర్ మీ పిలుపు అందుకోదు, నిన్న బాగా పనిచేసింది ఈరోజు కలవడం లేదంటే నేను మొదట అనుమానించేది దీన్నే.

కనెక్ట్ అయ్యాక మేడ మీది తెర లాక్ అయిపోతుంది కనుక, అక్కడ ఎవరైనా పని చేసుకుంటున్నారేమో కేకేసి అడిగి మరీ కలవండి. ల్యాప్‌టాప్ తెర పైభాగం మధ్యలో కంప్యూటర్ పేరుతో సన్నటి పట్టీ కనిపిస్తుంది. దాని మీది ఇంటూ గుర్తు నొక్కితే తెగేది కనెక్షన్ మాత్రమే. మీరు తెరిచిన ఫైలు పైన అలాగే ఉంటుంది, సాయంత్రం మళ్లీ కలిస్తే ఆపిన వాక్యం దగ్గరే కర్సర్ మీకోసం ఎదురుచూస్తూ ఉంటుంది. పొరపాటున షట్‌డౌన్ నొక్కితే మాత్రం ఎవరో ఒకరు మెట్లెక్కవలసిందే. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కీలు కలిపి నొక్కితే స్పందించేది ల్యాప్‌టాపే. పైనున్న దానికి ఆ సంకేతం వెళ్లాలంటే డిలీట్‌కు బదులు ఎండ్ కీ వాడాలి.

తెర నత్తనడక నడుస్తుంటే డెస్క్‌టాప్‌ను వీలైతే రౌటర్‌కు లాన్ కేబుల్‌తో కలపండి. ఒకటి గెస్ట్ వైఫైలో ఉంటే చాలా రౌటర్లు రెండింటినీ ఒకదానికొకటి కనిపించనివ్వవు కనుక అదీ చూసుకోండి.

మీ డెస్క్‌టాప్‌లో ఉన్నది హోమ్ ఎడిషన్ అయితే ప్రో కొనవలసిన పని లేదు. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ ఉచితం. గూగుల్ ఖాతా, మీరే పెట్టుకునే కనీసం 6 అంకెల పిన్‌తో అది పనిచేస్తుంది.

ప్రశ్న: ఊరెళ్లినప్పుడు కూడా ఇంటి కంప్యూటర్ వాడదామని, ఒక వీడియో చూసి రౌటర్‌లో 3389 పోర్టు తెరిచాను. ఇది సురక్షితమేనా?
(హనుమకొండ పాఠకుడు)

జవాబు: కాదు, దయచేసి ఈరోజే మూసేయండి. 3389 రిమోట్ డెస్క్‌టాప్ వాడే పోర్టు (బయటి నుంచి కంప్యూటర్‌లోకి వచ్చే ద్వారం) అని అందరికీ తెలుసు. అలా తెరిచి ఉన్న వాటిని వెతికి పాస్‌వర్డ్‌లు ప్రయత్నించే యంత్రాలు ఇంటర్నెట్‌లో రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. మీ కంప్యూటర్‌లో జరిగినవి నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ తెరిచి 4625 అనే సంఖ్య ఉన్న వరుసలు చూడండి, అవి విఫలమైన లాగిన్ ప్రయత్నాలు. 2019 మే నెలలో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. విండోస్ 7, అంతకు ముందరి వెర్షన్లలో అసలు పాస్‌వర్డే లేకుండా ఈ దారిలో చొరబడే వీలు కల్పించిన ఆ లోపం ఎంత తీవ్రమైనదంటే, ఎప్పుడో మద్దతు ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇవ్వవలసి వచ్చింది. బయటి నుంచి తప్పనిసరిగా కావాలంటే వైర్‌గార్డ్ లేదా టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్ (బయటి నుంచి మీ ఇంటి నెట్‌వర్క్‌కు గుప్తంగా కలిపే దారి) పెట్టుకుని, ముందు దానిలోకి వచ్చి, ఆ తరువాతే రిమోట్ డెస్క్‌టాప్ తెరవండి. పోర్టు మూసేశాక విండోస్ పాస్‌వర్డ్ కూడా మార్చండి.