ఎన్‌హెచ్‌ఎల్ జట్లు కుర్ర డిఫెండర్లకు వెంటనే చోటు ఎందుకివ్వవు?

ఎన్‌హెచ్‌ఎల్ అంటే ఉత్తర అమెరికాలోని పెద్ద ఐస్ హాకీ లీగ్. అందులో మ్యాచ్‌కి దిగే 20 మందిలో డిఫెండర్లు మామూలుగా ఆరుగురే, అంటే మూడు జోడీలు. ఫార్వర్డ్ తప్పు చేస్తే సర్దడానికి వెనక మనుషులుంటారు. డిఫెండర్ పక్ (ఆడే రబ్బరు బిళ్ల) పోగొట్టుకుంటే మిగిలేది చాలాసార్లు గోలీ ఒక్కడే. కోచ్‌ల భయమంతా అక్కడే.

అందుకే కుర్రాణ్ణి మొదట మూడో జోడీలో, తొణకని సీనియర్ పక్కన పెడతారు. ఆట ఆగినప్పుడు ఆటగాళ్లను చివరగా మార్చే హక్కు సొంత రింకులో (మంచు మైదానంలో) ఆడే జట్టుది. కాబట్టి అక్కడ అతణ్ణి ప్రత్యర్థి మేటి లైన్‌కి (కలిసి దిగే ఫార్వర్డ్‌ల గుంపుకి) ఎదురుపడకుండా దాచొచ్చు. బయటి రింకులో ఆ వెసులుబాటు ఉండదు. ఫేసాఫ్ (ఇద్దరి మధ్య పక్ వేసి ఆట మళ్లీ మొదలుపెట్టడం) ప్రత్యర్థి గోల్ వైపు ఉన్నప్పుడే ఎక్కువగా దింపడం ఇంకో ఉపాయం. రైట్ షాట్ (కుడి వైపు నుంచి కర్ర తిప్పే) డిఫెండర్లు లీగ్‌లో తక్కువ, వాళ్లకి కాస్త త్వరగా పిలుపు వస్తుంది.

నన్నడిగితే అన్నిటికన్నా చెడ్డ పని, ఏడోవాడిగా ఉంచుకుని ఆడించకపోవడం. దానికన్నా ఎన్‌హెచ్‌ఎల్‌కి కింది మెట్టు లీగ్ అయిన ఏహెచ్‌ఎల్‌లో రోజూ ఎక్కువసేపు ఆడటం నయం. మోరిట్జ్ సైడర్‌ని డెట్రాయిట్ జట్టు 2019లో డ్రాఫ్ట్ (కుర్రాళ్ల ఎంపిక)లో తీసుకున్నా, ఏహెచ్‌ఎల్‌లోనూ స్వీడన్‌లోనూ ఆడాకే 2021లో దింపింది. ఆ సీజన్ మేటి కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ అతనిదే. కేల్ మకార్ మాత్రం కాలేజీ నుంచి నేరుగా 2019 ప్లేఆఫ్స్‌కి వచ్చి మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. అలాంటివాళ్లు ఎప్పుడో ఒకరు.

డబ్బు లెక్కా ఉందండోయ్. 18, 19 ఏళ్లవాడు సీజన్‌లో 10 మ్యాచ్‌లు ఆడకపోతే అతని తొలి ఒప్పందం లెక్క ఏడాది ఆలస్యంగా మొదలవుతుంది, ఆ చవక ఏడాది జట్టుకి మిగులుతుంది. అందుకే కొందరిని తొమ్మిది మ్యాచ్‌లు ఆడించి వెనక్కి పంపేస్తారు.