పాటగాడి పాచిక

ప్రశ్న: పాచికలు వేస్తూ పాత్రలుగా కథ నడిపే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో బార్డ్, అంటే పాటగాడి పాత్రను ఎంచుకున్నాను. కత్తులు పట్టిన మిత్రుల మధ్య పాటగాడు చేయగలిగేది ఏముంటుంది?

జవాబు: చాలానే ఉంటుంది. 2014 నాటి నియమాల ప్రకారం మీరు పాటతోనో మాటతోనో తోటివారికి ఆరు ముఖాల పాచికను ఒకదాన్ని ఇవ్వవచ్చు. దాన్ని అందుకున్నవారు పది నిమిషాలలోగా, పని ఫలించేదీ లేనిదీ తేల్చే తమ ఇరవై ముఖాల పాచిక పడ్డాక కూడా, ఆట నడిపేవారు ఫలితం ప్రకటించక ముందు దాని అంకెను కలుపుకోవచ్చు. గోడ ఎక్కడానికి 15 కావలసినప్పుడు 12 పడిన మిత్రుడికి మీ పాచికపై 4 వస్తే పని జరిగినట్టే. ఈ ఆట 1978 నాటి నియమాల పుస్తకంలో ముందు యోధుడిగా, తరువాత దొంగగా ఎదిగితేనే బార్డ్ కావడం కుదిరేది, కనుక మీరు అదృష్టవంతులు. శత్రువును గాయపరచి, అతని తదుపరి దెబ్బ గురి తప్పే అవకాశాన్ని పెంచే ఎగతాళి మంత్రమూ ఉంది. తిట్టుకవిత్వం ఎరిగిన మనకు అదేమీ వింతగా తోచదు.