పాత ఆనకట్ట తీసేస్తే గెడ్డకు ఎంత లాభం?

ప్రశ్న: మా గెడ్డ (వాగు) మీద పాత రాతికట్టు ఒకటి ఉంది. పూడికతో నిండిపోయింది, కాలువ పారక ఏళ్లయింది, పొలాలన్నీ బోర్ల మీదే. సంగం దాటాక ఈ గెడ్డ నాగావళిలో కలుస్తుంది. కట్టు తీసేస్తే గెడ్డ మళ్లీ బతుకుతుందని కుర్రాళ్లం అంటుంటే, లాభమెంతో లెక్క చూపించమంటున్నారు పెద్దలు. ఎలా కట్టాలి సార్?
- ఒక పాఠకుడు, వంగర మండలం, విజయనగరం జిల్లా

జవాబు: పెద్దలు అడగాల్సిందే అడిగారు తమ్ముడూ. కట్టుకి పైన గెడ్డ ఎన్ని కిలోమీటర్లుందో కొలిచి, అంత మేరా చేపలు వచ్చేస్తాయని రాసేస్తారు చాలామంది. ఆ లెక్క నమ్మొద్దు. ముందు కట్టుకి కింద ఏముందో చూడాలి. మీ గెడ్డ నుంచి సముద్రానికి పోయే దారిలో నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట ఉంది కదా. నీలకంఠ రొయ్య పిల్లలు నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉప్పు కలిసిన నీటిలో పెరిగి, ఆ తర్వాతే నదిలోకి ఎదురెక్కుతాయి. మలుగు పాము (పాములా ఉండే చేప) గుడ్లు పెట్టడానికి సముద్రంలోకే పోవాలి. కింద ఆనకట్ట అలాగే ఉండగా వీటి లాభమంతా మీ కట్టు ఖాతాలో వేసుకోకూడదు. కొత్తనీరు రాగానే నాగావళి నుంచి గెడ్డల్లోకి ఎదురెక్కి గుడ్లు పెట్టే చేపలుంటాయే, మీ అసలు లాభం అక్కడుంది, దాన్నే జాగ్రత్తగా కొలవండి.

కొలవడం కట్టు ముట్టుకోకముందే మొదలవ్వాలి. రెండు మూడు వానాకాలాలైనా కట్టుకి పైనా కిందా ఏయే చేపలు పడుతున్నాయి, ఎన్ని, ఏ సైజువి అని రాయండి, ఎండల్లో నీటి వేడి కూడా. దగ్గర్లోనే అలాంటి కట్టు ఉన్న ఇంకో గెడ్డని ఎంచుకుని, ఏమీ చేయకుండా అదే లెక్క అక్కడా రాయాలి. ఇది మానేస్తే మిగతా శ్రమంతా వృథా. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన దగ్గర వరద ఎలా వచ్చిందో చూశాం, అలాంటి ఏడాది చేపలు పెరిగినా తగ్గినా అది కట్టు తీసినందుకా, తుఫానుకా అని తేల్చేది ఆ రెండో గెడ్డే.

పూడిక సంగతి తేలిగ్గా తీసుకోకండి. అమెరికాలో ఎల్వా నది మీద రెండు డ్యాములు 2011 నుంచి 2014 దాకా కొంచెం కొంచెంగా తీశారు, ఎందుకంటే ఒక్కసారి తీస్తే దశాబ్దాల మట్టి చేపల మీద పడిపోతుంది. అలా తీసినా మొదటి ఏళ్లలో నీళ్లు బురదే. తర్వాత ఆ ఇసుకే మొగకి చేరి, కోసుకుపోతున్న ఒడ్డు మళ్లీ పెరిగింది. కాబట్టి మొదటి ఏళ్ల నష్టం, తర్వాతి లాభం వేర్వేరుగా రాయాలి, రెండూ కలిపి సగటు తీస్తే అసలు విషయం కనపడదు.

కట్టు వెనక మడుగుని వేసవిలో పశువులు వాడుతున్నాయా, పక్క బావులకు ఊట దాన్నుంచే వస్తోందా అన్నదీ చూడాలి. నీళ్లు పోతే ఎవరి పెరడు ఎండుతుందో, వాళ్లని కూర్చోబెట్టి అడగకుండా వేసిన లెక్క నా దృష్టిలో లెక్కే కాదు.

డబ్బుల్లో చెప్పమంటారా? ఎల్వా విషయంలో జాన్ లూమిస్ అనే ఆర్థికవేత్త, నది బాగుపడటానికి ఏడాదికి ఎంత ఇస్తారని కుటుంబాల్నే అడిగారు. 1996లో అచ్చయిన ఆ లెక్కలో నది ఉన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్ల సగటు 59 డాలర్లు, మిగతా రాష్ట్రం వాళ్లది 73, మిగతా దేశం వాళ్లది 68. నదికి దూరంగా ఉన్నవాళ్లకీ దాని మీద ప్రేమ ఉంటుందని తెలుస్తోంది, కానీ ఆ అంకె తెచ్చి మన గెడ్డకి అతికిస్తే తప్పు. మన వాళ్లనే అడగాలి. అలా అడిగాక చేపల అమ్మకం డబ్బు మళ్లీ విడిగా కలిపితే ఒకే లాభాన్ని రెండుసార్లు లెక్కేసినట్టే.

ప్రశ్న: మరి వంశధార మీద గొట్టా బ్యారేజీ తీసేస్తే?
- ఒక పాఠకురాలు, హిరమండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: వద్దమ్మా. కుడి, ఎడమ కాలువల కింద శివారు పొలం దాకా దాని మీదే బతుకుతున్నాయి, పనిచేయని రాతికట్టుతో దాన్ని పోల్చలేం. చేపలు ఎక్కే దారి కట్టడం, అవి ఎదురెక్కే వరద రోజుల్లో గేట్లు ఎలా తీయాలో చూసుకోవడం, అడుగు ఇసుకని నది సముద్రంలో కలిసే కళింగపట్నం వైపు వదలడం, వీటి లాభం ఎంతుంటుందో లెక్కించమని అడగండి.