పాత ఇంగ్లీషు మాటల అర్థాలు వెతికే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

ఎం.ఏ.లో పాత నాటకాలూ పాత ఉత్తరాలూ చదవవలసి వస్తున్నదనీ, పేజీకి పదిసార్లు నిఘంటువు తెరవక తప్పడం లేదనీ రాశావు. నువ్వు పంపిన జాబితాలో ఉన్నవన్నీ నోరు తిరగని మాటలే. వాటి గురించి నాకు బెంగ లేదు, ఎందుకంటే తెలియని మాట ఎదురైతే ఎవరైనా ఆగి వెతుకుతారు. నా భయమంతా నువ్వు జాబితాకు ఎక్కించని మాటల గురించి. రోజూ వాడే మాటే వేరే అర్థంతో వచ్చినప్పుడు అనుమానం రాక దాటిపోతాం.

‘లెట్’ అన్న మాట తీసుకో. అనుమతించడమని బడిపిల్లవాడైనా చెబుతాడు. షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్ మొదటి అంకంలో తండ్రి ప్రేతం వెంట వెళ్లబోతున్న రాకుమారుణ్ణి తోడున్నవాళ్లు పట్టుకుంటే, తనను ‘లెట్’ చేసినవాణ్ణే ప్రేతంగా మారుస్తానని బెదిరిస్తాడు. వెళ్లనిచ్చినవాణ్ణి చంపడమేమిటని నువ్వు అక్కడ తడబడాలి. ఆ ‘లెట్’కు అడ్డగించడమని అర్థం. పూర్వం వేర్వేరుగా ఉన్న రెండు క్రియలు కాలక్రమంలో ఒకే రూపానికి వచ్చాయి; అడ్డగించే ‘లెట్’ వాడుకలోంచి దాదాపు తప్పుకున్నది. పూర్తిగా పోలేదు సుమా. నీ పాస్‌పోర్టు తెరిచి, రాష్ట్రపతి పేరిట ఉన్న అభ్యర్థన చదువు: ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రన్స్’ అని కనబడుతుంది.

‘నైస్’ ఒకప్పుడు తెలివితక్కువ అనే అర్థమిచ్చేది, ‘సిల్లీ’ ధన్యమైన అనే అర్థం నుంచి బయలుదేరి నేటి అర్థానికి దిగజారింది. జూలియట్ ‘వేర్‌ఫోర్’ అన్నది రోమియో ఎక్కడున్నాడని కాదు, శత్రువుల ఇంటి పేరుగల రోమియోవే ఎందుకయ్యావని.

‘దౌ’ దగ్గర మాత్రం కాస్త నిలబడు. బైబిలులో దేవుణ్ణి అలా పిలవడం చూసి చాలామంది అది గౌరవవాచకమని అనుకుంటారు, కాని ఏకవచనంలో ‘దౌ’ మన ‘నువ్వు’, ‘యూ’ మన ‘మీరు’. దేవుణ్ణి మనమూ నువ్వనే అంటాం కదా. షేక్‌స్పియర్ పాత్రలు ఒకటి నుంచి రెండోదానికి మారినచోట చనువో కోపమో చిన్నచూపో ఉన్నదేమో చూడు. ఈ విషయంలో ఇంగ్లండు విద్యార్థికన్నా తెలుగు చెవి ఉన్న నీకే సులువు.

ఇక వెతికే పద్ధతి. మాటను ఒంటరిగా రాసుకోవద్దు. అది వచ్చిన వాక్యం మొత్తం, ఆ రచన వెలువడిన సంవత్సరం రాసుకో. చేతి నిఘంటువులు సాధారణంగా నేటి అర్థాన్నే ముందు చెబుతాయి. జేమ్స్ ముర్రే సంపాదకత్వంలో 1884లో మొదటి భాగం వెలువడి, ఆయన పోయిన తరువాత 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ అలా కాదు. ఒక్కొక్క అర్థం కింద తేదీలతో ఉదాహరణ వాక్యాలు వరుసగా ఇస్తుంది. నీ వాక్యం నాటి ఉదాహరణలు ఏ అర్థం కింద ఉన్నాయో చూసి, ఆ అర్థాన్ని నీ వాక్యంలో పెట్టి చదువు. అతకకపోతే పక్క అర్థానికి వెళ్లు. పద్దెనిమిదో శతాబ్దపు రచనలకు 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువు మంచి తోడు, ఎందుకంటే ఆ కాలపు మనిషే ఆ మాటను ఎలా వివరించాడో తెలుస్తుంది.

ముచ్చటైన పుట్టుక కథలను మాత్రం వెంటనే నమ్మకు. ఇండియాకు వచ్చిపోయే దొరల ఓడలో ఎండ తగలని గదుల గుర్తు నుంచి ‘పాష్’ పుట్టిందని చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది గాని, దానికి ఆధారం దొరకలేదు.

సంవత్సరంతో పాటు ఊరు కూడా రాసుకో. మద్రాసు దొర ఉత్తరంలో ‘బ్యాండికూట్’ గోడకు కన్నం వేసిందంటే అది మన పందికొక్కే, ఆ పేరు తెలుగు నుంచే వెళ్లింది. ఆస్ట్రేలియా పుస్తకంలో అదే పేరు కడుపు సంచిలో పిల్లలను మోసే వేరే జంతువుది. మన దేశంలో తిరిగిన ఇలాంటి ఇంగ్లీషు మాటలకు యూల్, బర్నెల్ కూర్చగా 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ అనే నిఘంటువు చూడు. ఈసారి జాబితాలో, తెలిసిన మాటలే ఉండి కూడా అర్థం కుదరని వాక్యాలను ముందు రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మామయ్య