ఆర్‌సీలో పేరు మారకుండానే ఎనిమిది నెలలు బండి నడిపాను, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది బోయిన్‌పల్లి. మార్కెట్ నుంచి దుకాణాలకు కూరగాయలు వేస్తుంటాను. బండి నేనూ నడుపుతాను, ఒక డ్రైవరూ ఉన్నాడు. ఎనిమిది నెలల క్రితం పాత బండ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో 2018 మోడల్ డీజిల్ పికప్ 4,60,000 రూపాయలకు కొన్నాను. పేరు మార్పు కోసం సంతకాలు పెట్టిన 29, 30 ఫారాలు, వంద రూపాయల స్టాంపు పేపర్ మీద సేల్ లెటర్, ఒరిజినల్ ఆర్‌సీ ఇచ్చారు. ఫైనాన్స్ అయిపోయింది, ఎన్‌ఓసీ (అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే కాగితం) రెండు వారాల్లో ఇస్తామన్నారు. ఇంతవరకు ఇవ్వలేదు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ రెండూ పాత ఓనర్ పేరు మీదే ఉన్నాయి. కొన్న రెండో నెలలోనే ఇంజన్ దింపాల్సి వచ్చింది, 1,10,000 ఖర్చయింది. షోరూమ్‌లో అడిగితే 2023లోనే ఈ బండికి 1,62,000 కిలోమీటర్ల దగ్గర సర్వీస్ జరిగిందట. నాకు ఇచ్చినప్పుడు మీటర్ 86,000 చూపించింది. ఇంతలో శామీర్‌పేట దగ్గర మా డ్రైవర్ ఒక టూవీలర్‌ను గుద్దాడు. టూవీలర్ మీదున్నతని కాలు విరిగింది. నష్టపరిహారం కేసు వేశాడు. నోటీసు పాత ఓనర్‌కి వెళ్లింది, ఆయన ఫోన్ చేసి తిడుతున్నాడు. ఫైనాన్స్ వాళ్లు ఇంకా 92,000 బాకీ ఉంది, బండి సీజ్ చేస్తామంటున్నారు. కన్సల్టెన్సీ అతను ఫోన్ ఎత్తడం లేదు. డ్రైవర్‌కి ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సే ఉంది. ఇన్సూరెన్స్ వచ్చే నెలలో అయిపోతుంది. ఫిట్‌నెస్ ఉంది, పర్మిట్ సంగతి నాకు తెలియదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించి ఇచ్చాను. అసలు ఉత్తరంలో సగం ఇంజన్ గురించే రాశారు. లక్షా పదివేలు అలా పోతే ఎవరికైనా కడుపు మండుతుంది. అయినా ఇంజన్ గొడవను చివరికి నెట్టండి. దానికి ఇంకా గడువు ఉంది. ముందు ప్రమాదం కేసు, దాని వెంటనే ఫైనాన్స్ సంగతి చూడాలి. ఈ రెండింటికీ తాళం చెవి ఇప్పుడు మిమ్మల్ని తిడుతున్న ఆ పాత ఓనర్ దగ్గరే ఉంది. అది ఎలాగో చెబుతాను.

డబ్బు మీరు ఇచ్చారు, డీజిల్ మీరు కొట్టిస్తున్నారు, టైర్లు మీరు మార్పించారు. కాబట్టి బండి మీదే అనుకుంటున్నారు. కొనుగోలు లావాదేవీ వరకు అది నిజమే. కానీ రోడ్డు మీద ప్రమాదం జరిగినప్పుడు మోటారు వాహనాల చట్టం 1988 అడిగేది ఒక్కటే, ఆర్‌సీలో ఎవరి పేరుంది అని. సెక్షన్ 2(30) ప్రకారం రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే ఆయనే ఓనర్. ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ పోయిన ఒక బండి విషయంలో సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. దెబ్బ తగిలినవాళ్లు బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదు, రిజిస్టరైన ఓనరే పరిహారం కట్టాలి అని తీర్పు. అందుకే నోటీసు మీ ఇంటికి కాకుండా ఆయన ఇంటికి వెళ్లింది. ఆయన తిట్లలో న్యాయం ఉంది.

అలాగని మీరు గట్టున పడ్డారనుకోకండి. కేసు వేసినవాళ్లు మిమ్మల్నీ పార్టీగా చేర్చవచ్చు. పాత ఓనర్ తాను కట్టాల్సి వచ్చినదంతా సేల్ లెటర్ చూపించి మీ మీద రాబట్టుకోవచ్చు. బండి నడిపింది కూడా మీరు జీతం ఇచ్చే మనిషే.

నా దగ్గరికొచ్చే ఫైళ్లలో ఈ 29, 30 ఫారాలు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. అడుగున అమ్మినవాడి సంతకం మాత్రం ఉంటుంది. కొన్నవాడి పేరు ఖాళీ, అడ్రస్ ఖాళీ, తేదీ ఖాళీ. దీన్నే మన దగ్గర ఓపెన్ ట్రాన్స్‌ఫర్ అంటారు. మీ సౌకర్యం కోసం ఖాళీగా ఉంచామని చెబుతారు. మధ్యలో ఉన్నవాడి పేరు ఏ కాగితం మీదా పడకుండా ఉండటమే దాని అసలు ప్రయోజనం. సెక్షన్ 50 ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మకం జరిగితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్‌టీఏకి తెలియజేయాలి. ఇక పాత బండ్లు కొని అమ్మే వ్యాపారుల కోసం 2023 ఏప్రిల్ 1 నుంచి వేరే నిబంధనలు అమల్లోకి వచ్చాయి. వాళ్లు రిజిస్టరింగ్ అథారిటీ దగ్గర అధీకృత డీలర్‌గా నమోదు కావాలి, ఓనర్ బండి అప్పగించిన సంగతి తెలియజేయాలి, బండి తమ దగ్గర ఉన్నంతకాలం ఓనర్ బాధ్యత మోయాలి. మీ కన్సల్టెన్సీకి ఆ సర్టిఫికెట్ ఉందా అని రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం రాసి పెట్టండి. జవాబు రాకపోయినా ఆ రసీదు తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు ప్రమాదం కేసు. ప్రమాదం జరిగిన రోజున పాలసీ అమల్లో ఉంది కదా, అది మీ అదృష్టం. బండి చేతులు మారినా థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ బండితో పాటే మారినట్టు సెక్షన్ 157 చెబుతుంది. పాలసీ వేరేవాళ్ల పేరు మీద ఉందన్న ఒక్క కారణంతో గాయపడినతనికి కంపెనీ మొండిచేయి చూపలేదు. లైసెన్స్ గురించి కూడా దిగులు వద్దు. 7,500 కిలోల గ్రాస్ వెయిట్ (బండి, సరుకు కలిపిన బరువు) లోపు ఉన్న రవాణా బండిని ఎల్‌ఎంవీ లైసెన్స్‌తో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న రంభా దేవి కేసులో తేల్చేసింది. మీ పికప్ ఆ లోపలే ఉంటుంది.

నాకు భయమున్నది మీరు తెలియదని తేల్చేసిన పర్మిట్ దగ్గర. ఆర్‌సీలో గ్రాస్ వెయిట్ ఎంత రాసి ఉందో ఇవాళే చూడండి. 3,000 కిలోల లోపైతే సెక్షన్ 66 కింద పర్మిట్ అవసరం లేదు. దాటితే కావాలి. టన్నున్నర సరుకు మోసే పికప్‌లు కొన్ని దాటుతాయి. పర్మిట్ లేకుండా ప్రమాదం జరిగితే ఏమవుతుందో 2018లో అమృత్ పాల్ సింగ్ కేసులో తేలింది. ఇన్సూరెన్స్ కంపెనీ ముందు బాధితుడికి కట్టి, తర్వాత ఆ మొత్తాన్ని ఓనర్ దగ్గర వసూలు చేసుకుంటుంది. కాలు విరిగిన మనిషి, ఆపరేషన్, పనికి వెళ్లలేని నెలలు అన్నీ కలిపితే అది మీ ఇంజన్ ఖర్చును మించిపోతుంది. కాబట్టి పాత ఓనర్‌ని అడిగి పర్మిట్ కాపీ తెప్పించండి. ఉంటే సగం గండం గడిచినట్టే.

పాత ఓనర్ కోపంతో కోర్టుకు వెళ్లకుండా కూర్చుంటే కేసు ఎక్స్‌పార్టీ అయిపోతుంది, అంటే ఆయన వాదన వినకుండానే తేలిపోతుంది. అలా జరగనివ్వకండి. ఆయన తరఫున వకీలును పెట్టించండి, ఫీజు మీరు భరిస్తానని చెప్పండి. ఇన్సూరెన్స్ కంపెనీకి ప్రమాదం గురించి రాతపూర్వకంగా తెలియజేయండి, లైసెన్స్, ఫిట్‌నెస్, పర్మిట్ కాపీలు జత చేయండి. ఇంకో మాట. స్టేషన్ దగ్గర ఎవరో ఒకరు ‘డ్రైవర్ని మార్చేద్దాం, హెవీ లైసెన్స్ ఉన్నవాణ్ని చూపిద్దాం’ అని సలహా ఇస్తారు. ఆ పని చేయకండి. ఇప్పుడున్న తీర్పు ప్రకారం దాని అవసరమే లేదు. పైగా అబద్ధం బయటపడితే ఉన్న ఇన్సూరెన్స్ కూడా చేజారుతుంది. ఆ రోజు బండి వెనక ఎవరైనా ఎక్కి ఉన్నారా అన్నది మీరు రాయలేదు. దారిలో లిఫ్ట్ అడిగినవాళ్లకు సరుకు బండి ఇన్సూరెన్స్ వర్తించదు. ఇకముందైనా ఎక్కించుకోకండి.

ఫైనాన్స్ సంగతికొద్దాం. అప్పు ఒప్పందం పాత ఓనర్‌కీ ఫైనాన్స్ కంపెనీకీ మధ్య జరిగింది. ఆర్‌సీలో హైపోథికేషన్ (అప్పుకు తాకట్టు) కింద కంపెనీ పేరు ఉందంటే, వాళ్లకు తెలియకుండా ఆ బండి అమ్మడమే తప్పు. కొన్నది మీరు నిజాయితీగానే కావచ్చు, అయినా వాళ్ల హక్కు పోదు. మీరు బండి కొన్న రోజు ఆర్‌సీలో ఆ ఒక్క వరుస చదివి ఉంటే ఈ ఉత్తరం రాసేవారు కాదు. తిట్టడానికి చెప్పడం లేదు. మంచి చదువుకున్నవాళ్లు కూడా బానెట్ ఎత్తి అరగంట చూస్తారు, ఆర్‌సీని అర నిమిషం కూడా చూడరు.

వాళ్లు బండి తీసుకోవచ్చు కానీ ఒప్పందం ప్రకారం నోటీసు ఇచ్చి తీసుకోవాలి. రాత్రిపూట నలుగుర్ని పంపి, రోడ్డు మీద తాళం లాక్కోవడం కుదరదు. అప్పు వసూలుకు కండబలం వాడొద్దని సుప్రీంకోర్టు 2007లోనే హెచ్చరించింది. అలా ఎవరైనా వస్తే 100కు ఫోన్ చేయండి. కానీ దాని మీద ఆధారపడి రోజులు గడపకండి. 92,000 కోసం నాలుగున్నర లక్షల బండిని వేలానికి పంపడం తెలివైన పని కాదు.

నా సలహా, ఆ బాకీ మీరే కట్టేయండి. ఎవరి బాకీయో నేనెందుకు కట్టాలి అని మీకు అనిపిస్తుంది. కాంట్రాక్ట్ చట్టం 1872లో సెక్షన్ 69 సరిగ్గా మీలాంటివాళ్ల కోసమే ఉంది. ఇంకొకరు కట్టాల్సిన డబ్బును, కట్టకపోతే తన ప్రయోజనం దెబ్బతింటుందని మరొకరు కట్టినప్పుడు, ఆ డబ్బు తిరిగి రాబట్టుకునే హక్కు అతనికి ఉంటుంది. అయితే ముందు పాత ఓనర్ చేత ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ (లోన్ మూసేయడానికి ఎంత కట్టాలో చూపే లెక్క) అడిగించండి. అప్పు తీసుకున్న మనిషికి తప్ప వేరేవాళ్లకు లెక్కలు చెప్పడానికి కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు. డబ్బు నేరుగా ఆ లోన్ ఖాతాలోకి బ్యాంకు ద్వారా వెళ్లాలి. వసూలుకు వచ్చిన కుర్రాడి చేతిలో ఒక్క రూపాయి పెట్టకండి. కట్టగానే ఎన్‌ఓసీ, ఆర్‌సీలో హైపోథికేషన్ తీయించడానికి ఫారం 35 తీసుకోండి.

చూశారా, పర్మిట్ కాపీ ఆయనే ఇవ్వాలి, స్టేట్‌మెంట్ ఆయనే అడగాలి, కోర్టులో వకాలతు ఆయనే పెట్టాలి, పేరు మార్పులో అవసరమైతే ఆయనే కొత్త సంతకాలు చేయాలి. ఆయనకు కూడా ఈ బండి తన పేరు మీద నుంచి పోవాలని మీకంటే ఎక్కువ ఆత్రంగా ఉంటుంది. ఫోన్‌లో అరుచుకోవడం ఆపి, ఇద్దరూ ఒక ఆదివారం కూర్చోండి. ఫలానా తేదీన బండి అప్పగించారు, ఆ తేదీ తర్వాతి బాధ్యత నాది, అంతకుముందు బాకీ, చలాన్లు మీవి అని ఒక కాగితం రాసుకోండి. కన్సల్టెన్సీకి ఆయన బండి ఎంతకు ఇచ్చాడో కూడా అందులో రాయించండి. లోన్ కట్టేస్తానని చెప్పి డబ్బు పట్టుకుపోయింది కన్సల్టెన్సీయేనని తేలినా నేను ఆశ్చర్యపోను.

ఎన్‌ఓసీ చేతికి రాగానే స్లాట్ బుక్ చేసుకుని పేరు మార్పించండి. చలాన్లు, ట్యాక్స్ బకాయి లేకుండా చూసుకోండి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి. పర్మిట్ దానంతటదే మారదు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 82 కింద విడిగా దరఖాస్తు చేయాలి. చాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, వచ్చిన 17 అంకెలూ అక్షరాలూ ఆర్‌సీతో ఒక్కొక్కటిగా పోల్చండి. ఇంజన్ దింపినప్పుడు బ్లాక్ మార్చి ఉంటే ఇంజన్ నంబర్ కూడా మారుతుంది. ఆ బిల్లు చూపించి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. చాలామంది మెకానిక్‌లు ఈ మాట చెప్పరు.

పేరు మారే లోపు పాలసీ గడువు ముగిసేలా ఉంటే, పాత ఓనర్ పేరు మీదనైనా రెన్యువల్ చేయించండి. ఒక్క రోజు కూడా ఖాళీ రానివ్వకండి. పేరు మారాక మీ పేరుకు మార్పించుకోవాలి. ఆయన నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది మనిషిది, బండిది కాదు.

ఇక ఇంజన్. ఎనిమిదేళ్ల డీజిల్ బండి ఇంజన్ పోయిందంటే ఏ కోర్టూ అంత తేలిగ్గా జాలిపడదు. చూసుకుని కొనుక్కోవాల్సింది అంటుంది. మీ కేసుకు బలం ఇంజన్‌లో లేదు, మీటర్‌లో ఉంది. 1,62,000 తిరిగిన బండి 86,000 చూపించిందంటే అది మోసం. షోరూమ్ నుంచి చాసిస్ నంబర్‌తో సర్వీస్ హిస్టరీ ముద్ర వేయించి తీసుకోండి. లోన్ తీరిపోయిందని చెప్పడం రెండో మోసం. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద మీ జిల్లా కమిషన్‌లో కన్సల్టెన్సీ మీద ఫిర్యాదు వేయవచ్చు. గడువు రెండేళ్లు, అంటే మీకు ఇంకా ఏడాది పైనే ఉంది. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. వాళ్లు తప్పకుండా ‘ఇది వ్యాపారం కోసం కొన్న బండి, ఇతను వినియోగదారుడు కాడు’ అంటారు. సొంత జీవనోపాధి కోసం కొన్నదాన్ని చట్టం వాణిజ్య అవసరంగా చూడదు. మీరే నడుపుతూ సాయానికి ఒక డ్రైవర్‌ను పెట్టుకున్నారు కాబట్టి ఆ వాదనకు జవాబు ఉంది. మీరు స్టీరింగ్ పట్టుకోకుండా మూడు బండ్లు తిప్పుతూ ఉంటే నేను ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ని కాదు.

పోలీస్ స్టేషన్‌లో చీటింగ్ ఫిర్యాదు, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద, ఇవ్వవచ్చు. అయితే పాత ఓనర్‌తో కాగితం రాసుకున్నాకే ఇవ్వండి. తొందరపడి ఆయన పేరు కూడా అందులో పెడితే ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది.

మెకానిక్ బిల్లు జీఎస్టీతో ఉందా, తెల్ల కాగితం మీద రాసిచ్చాడా? తెల్ల కాగితమైతే ఏ భాగం ఎందుకు మార్చాడో వివరంగా రాయించి సంతకం తీసుకోండి. తీసేసిన పిస్టన్లు, లైనర్లు అతని షెడ్‌లో ఇంకా పడి ఉంటే తుక్కుకి వేయనివ్వకుండా ఇంటికి తెచ్చుకోండి.